హిప్పీలంటే జుట్టేనా?

1970ల్లో తెలుగు ఇళ్లలో హిప్పీ అంటే ఒకటే అర్థం, జుట్టు. చెవుల మీదికి జుట్టు దిగితే చాలు, "ఏంట్రా ఆ హిప్పీ క్రాఫు, మనిషివా ఎలుగుబంటివా" అని నాన్న మొదలుపెట్టేవాడు, కొడుకు బెల్‌బాటం ప్యాంటుతో వసారా అంతా ఊడ్చుకుంటూ బయటికి జారుకునేవాడు. ఆ కుర్రాడు గంజాయి ముట్టి ఉండడు, కమ్యూన్ (పదిమంది ఉమ్మడిగా బతికే చోటు) అనే మాట విని ఉండడు, సినిమాలో హీరో పెంచాడని తనూ పెంచాడు, అంతే. శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టిన మాట పదేళ్లు తిరక్కుండానే మన ఊరి మంగలి షాపు దాకా వచ్చింది గానీ, వచ్చేసరికి అందులో మిగిలింది జుట్టొక్కటే.

పుట్టినచోట కూడా పరిస్థితి ఇంతకంటే గొప్పగా ఏం లేదు. ఇప్పుడు అమెరికాలో ఎవర్ని అడిగినా పూలు, గిటారు, రంగుల చొక్కా, రెండు వేళ్ల శాంతి గుర్తు అంటారు. ఈ బొమ్మలో కనపడని సంగతులు రెండున్నాయి. హిప్పీలు ఏ సంపన్న సమాజాన్ని తిట్టిపోశారో దాని డబ్బు మీదే, దాని పాత ఇళ్లలోనే, ఆఖరికి దాని గూఢచారి సంస్థ డబ్బుతో బయటికొచ్చిన మత్తుమందుతోనే ఆ ఉద్యమం నడిచింది. రెండోది, ఆ గోలంతా సద్దుమణిగాక ఏం నిలిచిందని వెతికితే వేదికలెక్కి చెప్పిన మాటలు పెద్దగా దొరకవు. ఎవరూ ఫొటో తీయని వంటపని, ఆస్పత్రి పని, మంత్రసాని పని లాంటివే దొరుకుతాయి.

ముందు మాట సంగతి. "హిప్" అనేది అమెరికా నల్లజాతి జాజ్ సంగీతకారుల మధ్య నలిగిన మాట, లోగుట్టు తెలిసినవాడు అని దాని భావం. దాన్నుంచి హిప్‌స్టర్ వచ్చింది. ఆ తర్వాత, హిప్ అనిపించుకోవాలని తంటాలు పడే పిల్లకాయల్ని పెద్దవాళ్లు వెటకారంగా హిప్పీలు అన్నారు. 1965 సెప్టెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కో ఎగ్జామినర్ పత్రిక బ్లూ యూనికార్న్ అనే కాఫీ హోటల్ గురించి రాస్తూ అక్కడికొచ్చే కుర్రకారుకి ఈ మాట వాడింది, ఇక అది అతుక్కుపోయింది. వాళ్లు మాత్రం తమని తాము ఫ్రీక్స్ అనో హెడ్స్ అనో పిలుచుకునేవారు. అంటే హిప్పీ అనేది ఊరు పెట్టిన పేరే, ఇంటి పేరు కాదు.

ఆ వేషం ఇంకా పాతది. 19వ శతాబ్దం చివర్లో జర్మనీ ఫ్యాక్టరీల పొగలో మునిగిపోతున్నప్పుడు అక్కడ లెబెన్స్‌రెఫార్మ్ అని ఒక గాలి వీచింది, జీవన విధానాన్ని సంస్కరించుకోవడం అన్నమాట. పచ్చి కూరలు, చెప్పుల్లేని నడక, ఎండలో ఒళ్లు ఆరబెట్టుకోవడం, పెరిగిన జుట్టు, అన్నీ అందులో ఉన్నవే. బిల్ పెస్టర్ అనే జర్మన్ 1906లో ఆ దేశం వదిలి, తర్వాత కాలిఫోర్నియాలో పామ్ స్ప్రింగ్స్ దగ్గర ఒక లోయలో తాటిమొద్దులతో గుడిసె వేసుకున్నాడు. దేశం వదలడానికి ఒక కారణం సైనిక సేవ తప్పించుకోవడం. 1917లో తీసిన ఫొటోలో బారు గడ్డం, భుజాల మీదికి జుట్టు, ఒంటి మీద బట్ట అంతంతమాత్రం, పక్కన గిటారు. కింద 1967 అని రాసి చూపిస్తే ఎవరూ అనుమానించరు. అదే కాలిఫోర్నియాలో ఈడెన్ ఆబెజ్ అనే గడ్డపాయన హాలీవుడ్ అని కొండమీద రాసిన పెద్ద అక్షరాల కింద పడుకునేవాడు. ఆయన రాసిన పాటను నాట్ కింగ్ కోల్ పాడితే 1948లో అమెరికా అంతా మోగింది.

ఇలాంటివాళ్లు యాభై ఏళ్లపాటు పదుల సంఖ్యలోనే ఉన్నారు. 1955 అక్టోబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలోని సిక్స్ గ్యాలరీలో అలెన్ గిన్స్‌బర్గ్ కవిత చదివి, హిప్పీలకంటే ముందే సంప్రదాయాన్ని కాదన్న బీట్ కవులకి పేరు తెచ్చినప్పుడు కూడా గదిలో ఉన్నది నూటయాభై మందో ఇంకాస్తో. మరి పదుల్లో ఉన్నవాళ్లు లక్షల్లోకి ఎలా వెళ్లారు? కవిత్వంతో అయితే కాదు, జనాభా లెక్కతో, జేబులో డబ్బుతో.

1946 నుంచి 1964 దాకా అమెరికాలో దాదాపు 7.6 కోట్ల మంది పిల్లలు పుట్టారు. 1965 వచ్చేసరికి వాళ్లలో మొదటి బ్యాచ్‌కి పంతొమ్మిదేళ్లు. ఆ అమ్మానాన్నలు 1930ల్లో ఆకలి చూసి, తర్వాత యుద్ధం చూసి, ఆపైన ఇల్లు, కారు, ఫ్రిజ్ కొనుక్కుని ఇక చాలనుకున్న తరం. పిల్లలకి అది చాలలేదు. అన్నం దొరుకుతుందా అనే భయం ఎన్నడూ లేనివాళ్లకే అన్నం మాత్రమేనా బతుకు అనే ప్రశ్న వస్తుంది. కాలేజీ మానేసి ఏడాదిపాటు ఊళ్లు తిరిగినా వెనక్కొస్తే ఉద్యోగం దొరుకుతుందనే ధీమా కూడా వాళ్లకి ఉంది, 1960ల మధ్యలో అక్కడ నిరుద్యోగం నాలుగు శాతం చుట్టుపక్కలే. 1960లో గర్భనిరోధక మాత్రకు అనుమతి వచ్చింది. మరోపక్క వియత్నాం యుద్ధానికి కుర్రాళ్లని పేరు పిలిచి మరీ పట్టుకెళ్తున్నారు, 1964 నుంచి 1973 మధ్య అలా తీసుకెళ్లినవాళ్లే 22 లక్షల దాకా ఉంటారు. ఇంట్లో సుఖం, గుమ్మం దాటితే డ్రాఫ్ట్ అనే ఆ నిర్బంధ సైనిక భర్తీ టెన్షన్. ఈ రెండిటి మధ్య నలిగిన పిల్లలు మీ సుఖమూ వద్దు, మీ యుద్ధమూ వద్దు అన్నారు.

ఇదే సమయంలో తెలుగు కుర్రాళ్లు చల్లగా ఏం లేరు. 1965 మే 6 అర్ధరాత్రి హైదరాబాద్‌లో దిగంబర కవులు తమ మొదటి సంపుటిని నాంపల్లి పాండు అనే రిక్షావాలా చేత ఆవిష్కరింపజేశారు. తర్వాత శ్రీకాకుళం వచ్చింది, 1969లో తెలంగాణ ఉద్యమం వచ్చింది, 1972లో జై ఆంధ్ర వచ్చింది. అమెరికా కుర్రాడు ఉద్యోగం వద్దని వీధినపడితే ఇక్కడి కుర్రాడు ఉద్యోగం కావాలని వీధినపడ్డాడు. కాదనుకోవడానికి ముందు చేతిలో ఉండాలిగా! అందుకే హిప్పీతనం ఇక్కడ క్రాఫు దగ్గరే ఆగిపోయింది.

ఇక మందు, అంటే లేనివి ఉన్నట్టు చూపించే మత్తుమందు ఎల్‌ఎస్‌డీ. దాన్ని స్విట్జర్లాండ్‌లోని సాండోజ్ కంపెనీ రసాయన శాస్త్రవేత్త ఆల్బర్ట్ హాఫ్‌మన్ 1938లో తయారుచేశాడు, 1943 ఏప్రిల్‌లో తనే మింగి సైకిల్ మీద ఇంటికి వెళ్తూ దారంతా వంకర్లు తిరగడం చూశాడు. మనుషుల మనసుని లొంగదీసుకోవడానికి ఇదేమైనా పనికొస్తుందా అని సీఐఏ 1950ల్లో ఎంకే అల్ట్రా పేరుతో రహస్య పరిశోధనలకి డబ్బు పోసింది. ఆ డబ్బు యూనివర్సిటీల్లోకి, ఆస్పత్రుల్లోకి పారింది. కాలిఫోర్నియాలో మెన్లో పార్క్ మాజీ సైనికుల ఆస్పత్రిలో 1960 ప్రాంతంలో ఇలాంటి ప్రయోగాలకి కూలి తీసుకుని కూర్చున్నవాళ్లలో స్టాన్‌ఫర్డ్‌లో రచన నేర్చుకుంటున్న కెన్ కీసీ ఒకడు. ఆయన ఆ అనుభవాన్ని ఆస్పత్రిలో వదిలేసి రాలేదు. 1964లో ఒక పాత స్కూలు బస్సుకి పిచ్చి రంగులన్నీ పూసి స్నేహితులతో దేశం అడ్డంగా తిరిగాడు, 1965 చివరినుంచి హాళ్లు అద్దెకు తీసుకుని, బ్యాండు పెట్టి, వచ్చినవాళ్లకి ఆ మందు పంచాడు. అప్పటికి అది చట్టవిరుద్ధం కాదు. కాలిఫోర్నియా దాన్ని నిషేధించింది 1966 అక్టోబరు 6న. ప్రభుత్వం శత్రువు మీద వాడదామని సానబెట్టిన కత్తి సొంత పిల్లల చేతికి చిక్కింది. ఈ సంగతి దేశానికి తెలిసింది 1975లో, అమెరికా కాంగ్రెస్ విచారణలు జరిగాక.

హైట్ యాష్‌బరీ అనేది శాన్‌ఫ్రాన్సిస్కోలో గోల్డెన్ గేట్ పార్కుకి ఆనుకుని ఉన్న పేట. పెద్ద పెద్ద పాత చెక్క మేడలు, కానీ అద్దెలు చవక, ఎందుకంటే ఆ పేట మీదుగా హైవే వేస్తామని నగరం ఏళ్ల తరబడి అంటూనే ఉంది, రేపో మాపో పడగొట్టే చోట డబ్బు పెట్టేదెవరు. స్థానికులు కొట్లాడి 1966లో ఆ హైవేని ఆపించారు. ఈలోగా విద్యార్థులు, బ్యాండ్లవాళ్లు పదిమందికో మేడ చొప్పున సర్దుకున్నారు. ఒక ఉద్యమం ఎక్కడ పుడుతుందనేది సిద్ధాంతం కంటే ఇంటి అద్దె ఎక్కువగా తేలుస్తుంది.

ఆ పేటలో అన్నిటికంటే ఆసక్తికరమైనవాళ్లు డిగ్గర్లు. 1649లో ఇంగ్లండులో ఊరుమ్మడి భూమిని దున్ని అందరికీ పంచబోయిన పేద రైతుల పేరది. 1966 శరదృతువులో వీధినాటకాల బృందం ఒకదాన్నుంచి బయటికొచ్చిన ఎమ్మెట్ గ్రోగన్, పీటర్ బెర్గ్, పీటర్ కొయోట్ లాంటివాళ్లు ఆ పేరు తీసుకున్నారు. వాళ్లు చేసింది ఉపన్యాసం కాదు, వంట. టోకు కూరగాయల మార్కెట్లో మిగిలిపోయినవి ఏరుకొచ్చి, మాంసం దొరికితే అదీ వేసి, పాల క్యాన్లంత పెద్ద గిన్నెల్లో పులుసులా కాచి, సాయంత్రం నాలుగింటికి పార్కు పక్కనున్న సన్నటి పచ్చికబయలుకి తెచ్చేవారు. తినాలనుకున్నవాడు అక్కడ నిలబెట్టిన పసుపుపచ్చ చెక్క చట్రంలోంచి దూరి అవతలికి వెళ్లాలి. తలుపులేని దర్వాజాలాంటిది. దాని పేరుకి అర్థం "ఉచిత దృష్టికోణం" అని చెప్పుకోవచ్చు. దూరి బయటికొస్తే డబ్బుతో పనిలేని లోకంలోకి వచ్చినట్టు లెక్క. మెళ్లో వేసుకోవడానికి అలాంటిదే బుల్లి చట్రం ఒకటి ఇచ్చేవారు. అన్నదానం అనే మాట తెలిసినవాళ్లకి ఇందులో వింతేముంది అనిపిస్తుంది, నిజమే, కానీ గుడి లేకుండా, దాత పేరు చెక్కిన రాయి లేకుండా, పుణ్యం ప్రసక్తి లేకుండా జరిగిన అన్నదానం ఇది.

వాళ్ల ఉచిత దుకాణం ఇంకా తమాషా. బట్టలు, గిన్నెలు, పుస్తకాలు ఉంటాయి, దేనికీ ధర ఉండదు. ఎవరైనా వచ్చి మేనేజరు ఎక్కడని అడిగితే "మీరే మేనేజరు" అనేవారు. వచ్చినమనిషి కాసేపు బిత్తరపోయి, ఆ తర్వాత అల్మరాలు సర్దడం మొదలుపెట్టిన సందర్భాలూ ఉన్నాయి. 1967లో ఒక చర్చి వంటగదిలో గోధుమరొట్టెలు కాల్చేవారు, అచ్చులు లేక ఖాళీ కాఫీ డబ్బాల్లో పోసి కాల్చేసరికి రొట్టె పుట్టగొడుగులా పైకి పొంగి వచ్చేది. పేరు గ్రోగన్‌కి, బెర్గ్‌కి వచ్చింది గానీ రోజూ మార్కెట్‌కి వెళ్లి మిగులు అడిగి తెచ్చిందీ, కూరలు తరిగిందీ, పొయ్యి దగ్గర నిలబడిందీ ఎక్కువగా ఆడవాళ్లు. లోకం మొత్తాన్ని మార్చేద్దామన్న ఈ ఉద్యమం గిన్నెలు కడిగే చేతుల్ని మాత్రం మార్చలేదు. తర్వాత కమ్యూన్లలోనూ ఇదే తంతు. ఆ ఒళ్లుమంటతో బయటికొచ్చిన ఆడవాళ్లు చాలామంది 1970ల స్త్రీవాద ఉద్యమంలో తేలారు.

హిప్పీలే యుద్ధాన్ని ఆపారని ఒక నమ్మకం ఉంది, దాన్ని కొంచెం సరిచూసుకోవాలి. 1965 అక్టోబరులో శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గరి యూనివర్సిటీ ఊరు బర్క్‌లీలో వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా పెద్ద సభ, ఊరేగింపు పెట్టారు. మాట్లాడమని కీసీని పిలిస్తే ఆయన, ఊరేగింపులతో యుద్ధం ఆగదు, సైన్యాలు చేసేదీ కవాతే కదా అని, జేబులోంచి మౌతార్గాన్ తీసి వాయిస్తూ కూర్చున్నాడు. నిర్వాహకులు తలలు పట్టుకున్నారు. బర్క్‌లీ రాజకీయ విద్యార్థులకి హైట్‌వాళ్లు పనీపాటా లేని మత్తుగాళ్లు, హైట్‌వాళ్లకి బర్క్‌లీ కుర్రాళ్లు టై కట్టుకోని రాజకీయ నాయకులు. ఇద్దర్నీ కలపడానికే 1967 జనవరి 14న గోల్డెన్ గేట్ పార్కులో పెద్ద జాతర పెట్టారు, ఇరవై ముప్పై వేలమంది వచ్చారు. కలిసి పాడారు, ఎవరి ఇంటికి వాళ్లు వెళ్లారు. డ్రాఫ్ట్ 1973లో ఆగడం వెనక ఏళ్లపాటు జైళ్లకి వెళ్లినవాళ్లు, కోర్టుల్లో కొట్లాడినవాళ్లు, వెనక్కొచ్చి నోరు విప్పిన సైనికులు ఉన్నారు. తుపాకీ గొట్టంలో పువ్వు పెట్టిన ఫొటో అందంగా ఉంటుంది కాబట్టి మనకి అదే గుర్తుంది.

ఆ జాతర ఫొటోలు పేపర్లకెక్కాక హైట్‌కి చావొచ్చింది. 1967 వేసవిలో అక్కడికి లక్షమంది దాకా వచ్చారని అంచనా. అందులో ఇళ్లనుంచి పారిపోయి వచ్చిన పదిహేను పదహారేళ్ల పిల్లలు బోలెడు. పడుకోవడానికి చోటు లేదు, తిండి చాల్లేదు, సుఖరోగాలు, పాడైన మందు, ఆడపిల్లల మీద అత్యాచారాలు. ఇంతలో ఒక టూరిస్టు కంపెనీ "హిప్పీ హాప్" పేరుతో బస్సులు నడిపింది, అమెరికా గడప దాటకుండా విదేశయాత్ర అని ప్రకటన. బస్సు కిటికీల్లోంచి జనం కెమెరాలు ఎక్కుపెడితే, కింద ఉన్నవాళ్లు చేతి అద్దాలు తీసి వాళ్ల మొహాలకే పట్టారు.

అదే జూన్ 7న క్లేటన్ వీధిలో డేవిడ్ స్మిత్ అనే కుర్ర డాక్టరు ఒక ఉచిత క్లినిక్ తెరిచాడు. నగర ఆస్పత్రులకి వెళ్తే తిట్లు, పోలీసు కేసు భయం. ఇక్కడ ఏ ప్రశ్నా లేదు. మందు వికటించి వణికిపోతున్నవాళ్లకి ఒక నిశ్శబ్దమైన గది కేటాయించి, పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టి, దిగేదాకా మాట్లాడిస్తూ ఉండేవారు. వైద్యం అనేది హక్కు, ఎవరో దయతలిచి ఇచ్చేది కాదు అన్నది వాళ్ల మాట. వ్యసనాన్ని నేరంగా కాక జబ్బుగా చూడాలనే ఆలోచన తర్వాత వైద్యంలో స్థిరపడటానికి ఈ క్లినిక్ చేసిన పని చాలా ఉంది, ఇదే తరహా ఉచిత క్లినిక్‌లు అమెరికా అంతా పుట్టుకొచ్చాయి. వుడ్‌స్టాక్ సంగీత జాతరని తలుచుకునేవాళ్లలో పదోవంతు మందికి కూడా ఈ క్లినిక్ పేరు తెలియకపోవచ్చు.

1967 అక్టోబరు 6న హైట్‌వాళ్లు హిప్పీకి శవయాత్ర చేశారు. నిజంగానే పాడె కట్టి వీధులు తిరిగారు. చావు కబురు కార్డులో హిప్పీని "ప్రసార మాధ్యమాల ముద్దుబిడ్డ" అని రాశారు. ఉద్యమం తన చావుని తనే ప్రకటించుకుని ఆపైన పదేళ్లు బతకడం చరిత్రలో అరుదు.

వుడ్‌స్టాక్ గురించి అందరికీ తెలిసిందే కాబట్టి త్వరగా దాటేయొచ్చు. 1969 ఆగస్టులో న్యూయార్క్ రాష్ట్రంలో మ్యాక్స్ యాస్గర్ అనే రైతు పొలంలో నాలుగు లక్షలకి పైగా జనం, వాన, బురద. ఆ బురదలో జనం ఆకలితో కొట్టుకోకుండా ఉండటానికి కారణం హాగ్ ఫార్మ్ అనే కమ్యూన్ పెట్టిన ఉచిత వంటశాల, మళ్లీ వంటే! అదే డిసెంబరు 6న కాలిఫోర్నియాలోని ఆల్టమాంట్‌లో మరో ఉచిత కచేరీ పెట్టి, కాపలా పనిని మోటారుసైకిల్ రౌడీ ముఠాకి అప్పగిస్తే, వేదిక ముందే ఒక నల్లజాతి కుర్రాణ్ని పొడిచి చంపారు.

ఊరొదిలి పల్లెలకి పోయినవాళ్ల కథల్లో కామెడీ ఎక్కువ. గుండ్రటి జియోడెసిక్ గోపురాల్లాంటి ఇళ్లు అప్పట్లో మహా ఫ్యాషన్. లాయిడ్ కాన్ వాటిని కట్టడం ఎలాగో పుస్తకాలు వేశాడు, బాగా అమ్ముడుపోయాయి. తీరా చూస్తే వందల అతుకులు, ప్రతి అతుకూ కారుతుంది. ఆయన నిజాయితీపరుడు, ఆ పుస్తకాల ముద్రణ ఆపేసి, లోకమంతటా పల్లెజనం మట్టితో, గడ్డితో, చెక్కతో తరతరాలుగా ఎలా కట్టుకుంటున్నారో చూపిస్తూ 1973లో ఇంకో పుస్తకం వేశాడు. కమ్యూన్లలో ఎక్కువభాగం రెండు మూడేళ్లకే ఎత్తిపోయాయి, కారణం ఎక్కడైనా ఒకటే, చలికాలం వచ్చేసరికి కట్టెలు కొట్టేవాడు తక్కువ, కబుర్లు చెప్పేవాడు ఎక్కువ.

నిలబడ్డవాటిలో టెనెసీలోని ద ఫార్మ్ ముఖ్యమైనది. స్టీఫెన్ గాస్కిన్ వెంట బస్సుల్లో బయల్దేరిన మూడొందల మంది దాకా 1971లో అక్కడ భూమి కొన్నారు. సోయా పండించారు, అప్పుల్లో మునిగారు, 1983లో ఉమ్మడి ఖర్చు పద్ధతి వదిలి ఎవరి సంపాదన వాళ్లది అన్నారు. ఈ లోపల స్టీఫెన్ భార్య ఐనా మే, ఇంకొందరు ఆడవాళ్లు పురుళ్లు పోయడం నేర్చుకున్నారు, అదీ బస్సుల్లో ప్రయాణంలోనే, వేరే దారిలేక. కాన్పులో బిడ్డ భుజం ఇరుక్కుపోతే తల్లిని చేతులూ మోకాళ్ల మీదికి తిప్పే పద్ధతి ఒకటుంది. మధ్య అమెరికా మంత్రసానుల నుంచి ఐనా మే నేర్చుకున్న ఆ కిటుకు ఇవాళ ప్రసూతి వైద్య పుస్తకాల్లో ఆమె పేరుతోనే ఉంది. హిప్పీల పాటలు రాని నర్సులు కూడా దాన్ని వాడుతున్నారు.

ఇంకో దారి కంప్యూటర్ల వైపు పోయింది. 1968లో స్టీవార్ట్ బ్రాండ్ హోల్ ఎర్త్ క్యాటలాగ్ అని ఒకటి మెన్లో పార్క్ నుంచి తెచ్చాడు. కమ్యూన్లకి పోయేవాళ్లకి పారలు, కుట్టుమిషన్లు, తేనెటీగల పెట్టెలు, కాలిక్యులేటర్లు, పుస్తకాలు ఏవి మంచివో, ఎక్కడ దొరుకుతాయో చెప్పే జాబితా. పనిముట్టు చేతిలో ఉంటే ప్రభుత్వంతో, కంపెనీతో పనిలేదన్నది దాని మూలసూత్రం. కంప్యూటర్‌నీ అదే కంటితో చూసినవాళ్లు 1973లో బర్క్‌లీలోని ఒక రికార్డుల షాపులో కంప్యూటర్‌కి కలిపిన టెలిటైప్ యంత్రం పెట్టి, ఎవరైనా వచ్చి ప్రకటనో కవితో టైపు చేసుకోండి అన్నారు. 1975లో ఇంట్లోనే కంప్యూటర్లు బిగించుకునే సరదా ఉన్నవాళ్ల హోమ్‌బ్రూ కంప్యూటర్ క్లబ్ మొదలైంది, అదీ మెన్లో పార్క్‌లోనే, ఒక గ్యారేజీలో. యాపిల్ పుట్టింది ఆ క్లబ్బు చుట్టూనే. కీసీకి మందిచ్చిన ఆస్పత్రి, బ్రాండ్ క్యాటలాగు, హోమ్‌బ్రూ గ్యారేజీ, అన్నీ ఒకే చిన్న ఊరు. రోజూ ఆ ఊళ్లోని మెటా ఆఫీసుకి వెళ్లొచ్చే తెలుగువాళ్లలో ఎంతమందికి ఇది తెలుసో! అయితే హిప్పీలే కంప్యూటర్ కనిపెట్టారనే కథ కొంచెం శ్రుతిమించింది. మౌస్‌ని లోకానికి చూపించిన ఎంగెల్‌బార్ట్ పరిశోధనకి డబ్బులిచ్చింది ఎక్కువగా రక్షణ శాఖే. ఇక్కడా అదే వరస, ఖర్చు సర్కారుది, కల హిప్పీలది.

ఇండియా సంగతికొస్తే, ఇస్తాంబుల్ నుంచి టెహ్రాన్, కాబూల్, లాహోర్, ఢిల్లీ, అక్కణ్నుంచి కాట్మండూకో గోవాకో, బస్సుల్లో లారీల్లో వచ్చేవారు. వాళ్లు వెతికింది మోక్షమే కావచ్చు, కానీ 1966 జూన్‌లో రూపాయి విలువ తగ్గించి డాలరుకి 4.76 నుంచి 7.50కి తెచ్చిన సంగతి కూడా మర్చిపోకూడదు. నాన్న పంపిన కాసిని డాలర్లతో నెలలు గడిచిపోయేవి. అదే ఏడాది బీహారులో కరువు, మన రేషన్ షాపుల్లో పీఎల్ 480 అనే ఆహార సాయం చట్టం కింద వచ్చిన అమెరికా గోధుమలు. అమెరికా గోధుమలు ఇటొచ్చాయి, ఆ గోధుమల మీద విరక్తి పుట్టిన పిల్లలూ ఇటే వచ్చారు. 1979లో ఇరాన్ విప్లవం, అఫ్గానిస్తాన్‌లోకి సోవియట్ సైన్యం రావడంతో ఆ రోడ్డు మూతపడింది. దాని గుర్తుగా గోవాలో అంజునా బుధవారం సంత ఉంది, 1973లో ఆ దారినే వచ్చిన ఒక జంట వేసిన చిన్న పుస్తకంతో మొదలైన, యాత్రికుల గైడ్లు వేసే లోన్లీ ప్లానెట్ ఉంది.

ఎదురు ప్రయాణం కూడా జరిగింది. 1965లో అమెరికా వలస చట్టం మారింది. మన డాక్టర్లు, ఇంజనీర్లు వెళ్లిన ఆ దారిలోనే గురువులూ వెళ్లారు. మదనపల్లెలో పుట్టి కాలిఫోర్నియాలోని ఒహాయ్‌లో ఎప్పుడో స్థిరపడిన జిడ్డు కృష్ణమూర్తి దగ్గరికి 1960ల చివర్లో కొత్త శ్రోతలొచ్చారు, గడ్డాలతో, పూసలతో. బర్క్‌లీ, స్టాన్‌ఫర్డ్ లాంటి చోట్లా మాట్లాడారు. గురువునే వద్దన్న మనిషి కాబట్టి కుర్రాళ్లకి నచ్చారు, కానీ మందు మింగితే సత్యం కనపడుతుందన్న మాటని ఆయన ఒప్పుకోలేదు. రవిశంకర్‌ది ఇంకా ఇబ్బంది. సితార్‌ని మత్తులో వినేవాళ్ల ముందు వాయించడం ఆయనకి సుతరామూ ఇష్టం లేదు, వుడ్‌స్టాక్ తర్వాత అలాంటి జాతరలకి దూరంగా జరిగారు. పుట్టపర్తికీ ఒక పాయ చేరింది. హార్డ్ రాక్ కెఫే పెట్టిన ఇద్దరిలో ఒకరైన ఐజాక్ టిగ్రెట్ సత్యసాయిబాబా భక్తుడు, "అందరినీ ప్రేమించు, అందరినీ సేవించు" అన్న మాట ఆ హోటళ్ల గోడలకెక్కింది అలాగే. 1991లో తెరిచిన పుట్టపర్తి పెద్దాస్పత్రికి ఆయన పెద్ద మొత్తమే ఇచ్చారు.

వీళ్లందరిలో చివరిగా చెప్పుకోవాల్సింది ల్యారీ బ్రిలియంట్ గురించి. చదువుకున్న డాక్టరే, కానీ హాగ్ ఫార్మ్ బస్సులెక్కి యూరప్ నుంచి రోడ్డుమార్గాన ఇండియా వచ్చాడు, నైనిటాల్ దగ్గర కైంచీలో నీమ్ కరోలీ బాబా ఆశ్రమంలో ఉండిపోయాడు. మశూచిని పోగొట్టే పనికి వెళ్లు అన్నాడు బాబా. ఢిల్లీలోని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆఫీసుకి వెళ్తే, ఆశ్రమం బట్టల్లో బారు జుట్టుతో వచ్చిన ఈ మనిషిని చూసి పొమ్మన్నారు. బాబా మళ్లీ పంపాడు. ఇలా ఎన్నోసార్లు తిరిగాడు, తిరిగిన కొద్దీ గడ్డం తగ్గింది, జుట్టు తగ్గింది, చివరికి సూటూ టై వచ్చాయి. ఉద్యోగం ఇచ్చారు. ఊరూరా ఇంటింటికీ వెళ్లి మశూచి ఉందా అని అడిగిన సిబ్బందిలో ఆయనా ఒకడయ్యాడు. 1975 మే తర్వాత ఇండియాలో కొత్త కేసు రాలేదు.

1978లో ఆయన, హాగ్ ఫార్మ్ వంటశాల నడిపిన వేవీ గ్రేవీ, ఇంకొందరు కలిసి సేవా ఫౌండేషన్ పెట్టారు. హిప్పీల బ్యాండు గ్రేట్‌ఫుల్ డెడ్ దానికోసం కచేరీలు చేసింది, స్టీవ్ జాబ్స్ చెక్కు రాసిచ్చాడు. ఆ సంస్థ చేయి కలిపింది మదురైలో డాక్టర్ వెంకటస్వామి నడుపుతున్న అరవింద్ కంటి ఆస్పత్రితో. అప్పట్లో శుక్లాల ఆపరేషన్ అంటే ఆ తర్వాత జన్మంతా సోడాబుడ్డి కళ్లద్దాలే, కంట్లో పెట్టే లెన్సు విదేశాల నుంచి రావాలి, ఒక్కోటి వంద డాలర్ల పైమాటే. 1992లో మదురైలో ఆరోలాబ్ పెట్టి ఆ లెన్సుని సుమారు పది డాలర్లకి తెచ్చారు, అవి దేశమంతా వెళ్లాయి. 1975లో కొడుకు హిప్పీ క్రాఫుని తిట్టిన నాన్నలకి అప్పటికి సరిగ్గా శుక్లాల వయసు.